పుట్టింటి పౌరసత్వం

బ్యాంకులు, షిప్పింగు కంపెనీలు వదిలించుకునే పాత కంప్యూటర్లను లారీల లెక్కన కొని, విప్పి, పనికొచ్చే భాగాలను హైదరాబాదుకీ మద్రాసుకీ పంపడం నా వ్యాపారం. ఏ వస్తువు చేతిలోకి తీసుకున్నా ఇందులో ఇంకా ఎంత ప్రాణం మిగిలి ఉందా అని చూడటం అలవాటైపోయింది. మనుషుల్నీ అలాగే చూస్తాను. అందుకని వీరభద్రరావు విషయంలో నా లాభం ఏమిటో ముందే చెప్పేస్తాను. అతనికి ఏ దేశమూ లేకపోవడమే నా లాభం.

అది 1999. ప్రోగ్రాములు రాయడం వచ్చినవాడెవడూ సింగపూర్‌లో ఒక కంపెనీలో ఆరు నెలలు నిలవని కాలం. నా షాపు పైగదుల్లో అద్దెకుండే మనవాళ్ళు పొద్దున ఒక కంపెనీ పేరు చెప్పేవాళ్ళు, సాయంత్రానికి ఇంకో దేశం పేరు చెప్పేవాళ్ళు. నా పోటీదార్ల టెక్నీషియన్లు కూడా ఒక్కొక్కరే జారిపోయారు. వీరభద్రరావు మాత్రం పద్నాలుగేళ్ళుగా నా షాపులో అదే స్టూలు మీద ఉన్నాడు. ఇంకెవరూ ముట్టుకోని పాతకాలపు టేపు డ్రైవులను చెవి ఆనించి విని బాగుచేసేవాడు. అలాంటివాడికి పది చోట్ల నుంచి పిలుపు రావాలి. వచ్చింది కూడా. కానీ అతని దగ్గర పాస్‌పోర్టు లేదు. దాని బదులు ఒక గుర్తింపు పత్రం, అందులో జాతీయత అన్నచోట ‘స్టేట్‌లెస్’ అన్న మాట ఉండేవి. సింగపూర్‌లో ఉండొచ్చు, పని చేసుకోవచ్చు. బయటికి అడుగు పెట్టాలంటే మాత్రం ప్రతిసారీ విచారణ, ఎదురుచూపు. వుడ్‌ల్యాండ్స్‌లో వాళ్ళ ఫ్లాటు వంటింటి కిటికీలోంచి అవతలి ఒడ్డున మలేషియాలోని జొహోర్ దీపాలు కనిపిస్తాయి. భార్య, కూతురు సింగపూర్ పౌరులు. ఆదివారం వంతెన దాటి వెళ్ళి, తిని, మధ్యాహ్నానికి వచ్చేస్తారు. ఇతను ఆ కిటికీ దగ్గరే ఉంటాడు.

జూన్‌లో హైదరాబాదులోని ఒక బీమా కంపెనీ నుంచి ఆర్డరు వచ్చింది. ఇరవై ఏళ్ళ పాలసీల వివరాలన్నీ వాళ్ళ పాత టేపుల మీద ఉన్నాయి. రెండు వేల సంవత్సరం రాకముందే అవి కొత్త మెషీన్లలోకి ఎక్కాలి. మా దగ్గర నాలుగు డ్రైవులు కొంటారు. కానీ షరతు ఒకటే. వాటిని నడిపే మనిషి సెప్టెంబర్ ఆరో తారీఖుకల్లా హైదరాబాదులో ఉండాలి. లేకపోతే ఆర్డరు బొంబాయి వాళ్ళకి. ఈ పని నిలబడితే వీరభద్రరావును వ్యాపారంలో మూడో వంతు భాగస్థుణ్ణి చేస్తానని మాటిచ్చాను. మాట ఊరికే ఇవ్వలేదు, అతను లేకుండా ఆ ఆర్డరు లేదు.

మర్నాడు వీరభద్రరావు ఇండియా వీసా కౌంటరుకు వెళ్ళి మొహం వేలాడేసుకుని వచ్చాడు.

“ఇలాంటి పత్రాలకు విచారణ ఎక్కువట అన్నయ్యా. తేదీ చెప్పలేమన్నారు.”

“ఇంకొకణ్ణి పంపుదామా?”

“ఎవర్ని? ఆ డ్రైవు బెల్టు ఎంత బిగించాలో మీకు తెలుసా?”

“నాకు దాన్ని అమ్మడమే తెలుసు.”

“అయితే ఇద్దరం ఇక్కడే కూర్చుందాం,” అన్నాడు.

ఆ వారంలోనే కావ్యశ్రీ వచ్చింది. కాకినాడ అమ్మాయి, ఇక్కడి యూనివర్సిటీలో న్యాయశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. చేతిలో చచ్చిపోయిన హార్డ్ డిస్కు, కళ్ళలో నీళ్ళు. రెండేళ్ళ థీసిస్ అందులో ఉంది. వీరభద్రరావు భోజనానికి కూడా లేవకుండా సాయంత్రానికల్లా దాన్ని బతికించాడు. ఫైలు తెరిచి చూపిస్తే తెరమీద సముద్రం, అందులో చుక్కల్లా దీవులు.

“భూగోళమా అమ్మా?” అన్నాను.

“కాదంకుల్. తెల్లవాళ్ళు దీవులని ఒకరికొకరు అప్పజెప్పుకున్నారు కదా. జెండా మారిన రోజు అక్కడున్న మనుషులు ఏ దేశం వాళ్ళయ్యారు? ఎవరికి ఏ దారిలో పౌరసత్వం ఇచ్చారు? ఎవర్ని వదిలేశారు? అదే నా థీసిస్.”

ఆమె పర్సు తీయబోతే ఆపాను. “అది లోపల పెట్టమ్మా. నీ ఫైలు ఈయన చూశాడు. ఈయన ఫైలు నువ్వు చూడు. చెల్లుకు చెల్లు.”

వీరభద్రరావు సొరుగులోంచి లావుపాటి ఫైలు తీశాడు. పదకొండేళ్ళ ఉత్తరాలు. కావ్యశ్రీ ఒక్కో కాగితం తిప్పుతూ, నేను సరుకు ఎంచినట్టే ఎంచింది. సింగపూర్ పౌరసత్వానికి దరఖాస్తు పెట్టి ఉంది, కానీ ఎప్పటికి తేలుతుందో తెలియదు. ఇండియా దారిలో వెళ్ళాలంటే తండ్రి నలభై ఏళ్ళ కిందట చేయించాల్సిన నమోదు కావాలి. బ్రిటిష్ వాళ్ళ చట్టంలో ఏదో ఒక తరగతి కింద పేరు దొరకొచ్చు, అయితే ఆ పేరుతో వాళ్ళ దేశంలో ఉండే హక్కు రాదు. మూడు సరుకుల్లోనూ ఏదో ఒక లోటు.

“అసలు మీరు సింగపూర్‌లో పుడితే గొడవే లేదుగా. జనన రిజిస్టర్‌లో ఎందుకు లేదు?” అంది.

“వెతికించాను. లేదన్నారు. ఇంట్లో పుట్టాను, నాన్న నమోదు చేయించడం మర్చిపోయి, తర్వాత ప్రమాణపత్రం మాత్రం రాయించాడట.”

“నాన్నగారు ఏం చేసేవారు?”

“అనంతరామయ్య అని, సెంబవాంగ్ నౌకా స్థావరంలో గుమాస్తా.”

“రోజంతా కాగితాల మధ్య ఉండే గుమాస్తా కొడుకు పుడితే నమోదు మర్చిపోయాడా?” అమ్మాయి కనుబొమలు ముడిచింది. “మీరు ఎన్నో సంతానం?”

“మొదటివాణ్ణి. ఒక్కణ్ణే. అమ్మ నాకు ఆరేళ్ళప్పుడే పోయింది.”

“మరి అమ్మగారు పురిటికి పుట్టింటికి వెళ్ళలేదా?”

పదకొండేళ్ళలో ముగ్గురు లాయర్లు, పాతిక మంది గుమాస్తాలు అతన్ని అడిగింది తండ్రి చిరునామా. మా వాళ్ళని మీదేవూరంటే తండ్రి ఊరే చెబుతారు. తొలి కాన్పు ఎక్కడ జరుగుతుందో తెలిసిన నేను కూడా పద్నాలుగేళ్ళలో ఆ ఒక్క ప్రశ్న వేయలేదు. నా మీద నాకే కోపం వచ్చింది.

“అమ్మమ్మ వాళ్ళు...” వీరభద్రరావు నెమ్మదిగా అన్నాడు. “తాత ఏదో దీవిలో ఫాస్ఫేటు గనుల ఆసుపత్రిలో కాంపౌండరుగా ఉండేవాడని విన్నాను.”

కావ్యశ్రీ కుర్చీలోంచి లేచింది. తెరమీద జావాకు దక్షిణాన ఉన్న చుక్క మీద వేలు పెట్టింది. “ఇదేనా? క్రిస్మస్ ద్వీపం?”

“పేరు నాకు తెలీదమ్మా.”

“సార్, బ్రిటిష్ వాళ్ళు ఎన్నో ఏళ్ళు దీన్ని సింగపూర్ నుంచే పాలించారు. 1958 అక్టోబర్ ఒకటిన ఆస్ట్రేలియాకు అప్పగించారు. అప్పటికే అక్కడున్నవాళ్ళు కావాలంటే పౌరసత్వం కోరుకోవాలి, దానికో పద్ధతి. కానీ ఆ రోజు తర్వాత అక్కడ పుట్టినవాళ్ళు కోరుకోనక్కర్లేదు. పుట్టుకతోనే వాళ్ళు ఆస్ట్రేలియా పౌరులు. మీ పుట్టినరోజు ఎప్పుడు?”

“1958 ఆగస్టు పన్నెండు.”

అమ్మాయి చేయి కిందికి జారింది. యాభై రోజులు తక్కువ.

వీరభద్రరావు ఫైలు కట్టేశాడు. నాకు మాత్రం చల్లారలేదు. డబ్బా మీద అతికించిన తేదీ నమ్మి సరుకు కొన్నవాణ్ణి కాదు నేను. ఇక్కడ జరగని కాన్పు జరిగిందని చెప్పిన తండ్రి, తేదీ మాత్రం నిజం చెప్పాడని ఎందుకు నమ్మాలి?

“ఆ దీవి సంగతి తెలిసినవాళ్ళు ఎవరైనా మిగిలారా?” అన్నాను.

“పిన్ని ఉంది. హౌగాంగ్‌లో.”

“లే. షట్టరు దించు.”

వీరభద్రరావు పిన్ని బాలనాగమ్మకు యాభై ఆరేళ్ళు. తలుపు తీస్తూనే, “మకాన్ అయిందా? తిన్నారా లేదా? కూర్చోండి, కూర్చోండి,” అంటూ పెరుగన్నం, వేయించిన ఎండుచేపలు తెచ్చి పెట్టింది. విషయం చెప్పగానే గరిటె ఆగిపోయింది.

“ఇక్కడే పుట్టాడు. సెంబవాంగ్ క్వార్టర్సులో. మా బావ ప్రమాణం చేసి మరీ రాయించాడు. సందేహమే వద్దు.”

“నేను చూశానుగా పిన్నీ ఆ కాగితం,” అన్నాడు వీరభద్రరావు నీరసంగా.

ధర చెప్పనివాణ్ణి ధర అడగకూడదు. ఇంకేదైనా మాట్లాడాలి. చేప తుంచుకుంటూ అన్నాను, “ఆ రోజుల్లో బారసాలంటే ఎంత హడావుడి! మా వీరభద్రం బారసాలకు బంధువులందరూ వచ్చుంటారే?”

“బంధువులెక్కడ అన్నయ్యగారూ? ఆ గనుల కాడ మా ఒక్క ఇల్లే తెలుగిల్లు. చుట్టూ చీనావాళ్ళూ మలాయివాళ్ళూ. ఉయ్యాల తాడు కూడా గనిలోంచి...”

అక్కడ ఆగింది. మా ముగ్గురి మొహాలూ చూసింది. గరిటె పళ్ళెంలో పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“చెప్పు పిన్నీ,” అన్నాడు వీరభద్రరావు.

“అక్క పురిటికని ఆగస్టు ఆఖర్లో ఫాస్ఫేటు ఓడలో దీవికి వచ్చిందిరా. అప్పుడు కాగితం ఏదీ లేదు, ఎవడూ అడగలేదు. పెరట్లోకి వెళ్ళినట్టు వచ్చేసింది. నిన్ను ఎత్తుకుని తిరిగి బయల్దేరేసరికి ఆ దీవి వేరే దేశం అయిపోయింది. నీకు ప్రయాణ కాగితాలు లేవు. ఓడలో తెలిసినవాడు కళ్ళు మూసుకుంటే అక్క ఇక్కడ దిగింది. బావకి వణుకు. పిల్లణ్ణి వెనక్కి పంపేస్తారు, స్థావరంలో ఉద్యోగం పోతుంది అని. అందుకే ఇక్కడే పుట్టావని రాయించాడు. తేదీ కూడా అక్క ఇంకా ఇక్కడున్న రోజుల్లోది చూసి వేశాడు.”

“తేదీ కూడానా!” కావ్యశ్రీ నా చెయ్యి పట్టుకుంది. “ఆంటీ, మరి అసలు తేదీ?”

“ఇంగ్లీషు తేదీ నాకేం తెలుసు తల్లీ. కార్తీక పౌర్ణమి. ఆ ఏడు శ్రావణం రెండుసార్లు వచ్చింది, అందుకని కార్తీకం ఆలస్యమైంది. మా అమ్మ గుమ్మంలో దీపాలు పెడుతోంది, లోపల్నుంచి అక్క కేక వేసింది.”

నేను ఎంగిలి చేత్తోనే లేచి నిలబడ్డాను. “కార్తీక పౌర్ణమి ఏ ఏడైనా నవంబరే! నవంబరు కంటే ముందు రానే రాదు! అక్టోబర్ ఒకటి ఎప్పుడో దాటిపోయింది!”

“అంకుల్, కూర్చోండి, పెరుగు...” అంటూనే కావ్యశ్రీ కూడా నిలబడిపోయింది.

వీరభద్రరావు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. “నలభై ఏళ్ళు తప్పు రోజున కేకు కోశానన్నమాట,” అన్నాడు. నవ్వుతున్నాడనుకున్నాం. “పదకొండేళ్ళు లేని పుట్టుక కోసం ఈ ఊరి రిజిస్టర్లు వెతికించాను పిన్నీ. నువ్వు చూస్తూ ఊరుకున్నావు.”

“నోరు విప్పితే నిన్ను పంపించేస్తారేమోనని రా. బావ నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆయన పోయాక ఒట్టు ఎవరికి తిరిగివ్వాలో తెలియలేదు.”

ఆమె భయం పిచ్చిది కాదని కిందికి దిగాక కావ్యశ్రీ చెప్పింది. ఇన్నేళ్ళూ సింగపూర్‌లో అతనికిచ్చిన అనుమతి తండ్రి ప్రమాణం మీద నిలబడి ఉంది. అది అబద్ధమని తనే చెబితే ఇక్కడి ఉనికి మీద కూడా విచారణ రావచ్చు. చెప్పకపోతే దీవి రిజిస్టర్‌లో నమోదైన పుట్టుక తనదని నిరూపించలేడు. రెండు చోట్లా ఒకే నిజం చెప్పాలి. ముందు లాయరు ద్వారా ఇక్కడ చెప్పి, తర్వాత అక్కడ అడగడం మేలు.

“ఏమంటారు అన్నయ్యా?” అన్నాడు. మేము బస్టాపులో నిలబడి ఉన్నాం.

ఆ క్షణంలో నా లెక్క నేను వేసుకున్నాను. అతను ఇలాగే ఉండిపోతే ఒక ఆర్డరు పోతుంది, కానీ నా స్టూలు మీద మనిషి జీవితాంతం ఉంటాడు. వెళ్ళగలిగినవాడైతే ఆర్డరు దక్కుతుంది, మనిషి దక్కకపోవచ్చు. ఏ వ్యాపారి అయినా మొదటిదే ఎంచుకుంటాడు.

“నువ్వు కదలకుండా ఉండటమే నాకు లాభం వీరభద్రం,” అన్నాను. “పద్నాలుగేళ్ళుగా అదే లాభం తింటున్నాను. ఆ లాభం పక్కనబెట్టి చెబుతున్నా. వెళ్ళి నిజం చెప్పు.”

“ఇది నాకు తెలీదనుకున్నారా?” అన్నాడు. బస్సు వచ్చింది. ఎక్కేశాడు.

ఇంట్లో కూతురు వర్షిత సింగపూర్ యాసలో ఒక్క మాటలో తేల్చేసిందట. “డాడీ, ఒక్క రోజు కూడా వెయిట్ చేయొద్దు లా. రేపే వెళ్ళు.”

మర్నాడే లాయరు దగ్గరికి వెళ్ళాం. ఆ వారంలోనే ఇక్కడి అధికారులకు ఉత్తరం వెళ్ళింది. పిలిచి ఒక పూట అడిగారు, బాలనాగమ్మ చెప్పింది రాసుకున్నారు. జవాబు రావడానికి పట్టిన మూడు వారాల్లో వీరభద్రరావు బెల్టు బిగిస్తే రెండుసార్లు తెగింది. పద్నాలుగేళ్ళలో అతని చేతిలో బెల్టు తెగడం అదే మొదలు. చివరికి జవాబు వచ్చింది. తండ్రి చేసిన తప్పుకు కొడుకు నివాసం రద్దు చేయడం లేదు, వివరాలు సరిచేసుకోవాలి. లాయరు ఫోను పెట్టేయగానే నేను బజారుకు పరుగెత్తి లడ్డూలు తెచ్చాను. సగం లడ్డూలు పైగదుల వాళ్ళే ఊడ్చేశారు.

ఇక ఆ తిథికి ఇంగ్లీషు తేదీ కావాలి. మద్రాసు కస్టమరొకడు బాగు చేయమని పంపిన కంప్యూటరులో పంచాంగం ప్రోగ్రాము ఒకటి ఉంది. వీరభద్రరావు సంవత్సరం కొట్టాడు. పాత మెషీను అర నిమిషం గురక పెట్టి నవంబర్ 26 అని చూపించింది. ఆ తేదీ, తల్లి పేరు సూర్యకుమారి, తండ్రి పేరు, తాత ఉద్యోగం రాసి దీవిలోని జనన మరణాల కార్యాలయానికి ఫ్యాక్స్ పంపాం. తర్వాత రోజూ పొద్దున షాపు తెరవగానే ఫ్యాక్స్ మెషీనులో కాగితం ఉందా లేదా అని నేనే చూసేవాణ్ణి. పదకొండో రోజు మధ్యాహ్నం మెషీను కీచుమంది. కాగితం ఒక్కొక్క గీతా బయటికి వస్తోంది. అప్పుడే కావ్యశ్రీ కూడా వచ్చింది. పైగదుల వాళ్ళు ఇద్దరు మెట్లమీద ఆగారు.

“తల్లి పేరు సూర్యకుమారి,” చదివాడు వీరభద్రరావు. “తండ్రి అనంతరామయ్య, గుమాస్తా, నౌకా స్థావరం, సింగపూర్.” వేలు కింది గీతకి జరిపాడు. “మగ శిశువు. నవంబరు ఇరవై ఆరు.”

“పేరు?” అరిచాను.

“పేరు దగ్గర ఖాళీ.”

కావ్యశ్రీ నవ్వేసింది. “వారంలోపు నమోదు చేయించారంకుల్. బారసాల ఇరవై ఒకటో రోజు. అప్పటికి ఈయనకి పేరెక్కడిది? బాలనాగమ్మ ఆంటీ ప్రమాణం చేస్తే చాలు.”

మెట్లమీదివాళ్ళు ఈలలు వేశారు. నేనెప్పుడూ షాపులో గట్టిగా మాట్లాడనిచ్చేవాణ్ణి కాదు. ఆ రోజు నేనే కేకలు వేశాను. వీరభద్రరావు మాత్రం కాగితం మీద చేతి రాతలో ఉన్న తల్లి పేరును వేలితో పదే పదే తడుముతున్నాడు.

ప్రమాణం, ఫొటోలు, అసలు ధ్రువపత్రం, ఇంటర్వ్యూ అన్నీ ఒకదాని వెనక ఒకటి నడిచాయి. ఆగస్టు ముప్పైన ఆస్ట్రేలియా పాస్‌పోర్టు చేతికొచ్చింది. దాని మీద ఇండియా వీసా సెప్టెంబర్ మూడో తారీఖున పడింది. నాలుగో తారీఖు విమానం. సెప్టెంబర్ ఆరున ఉదయం హైదరాబాదు నుంచి ఫోను. “డ్రైవు తిరిగింది అన్నయ్యా. మొదటి టేపు చదివింది. ఇక్కడివాళ్ళు చప్పట్లు కొడుతున్నారు. వినండి.” రిసీవరు లోపల నిజంగానే చప్పట్లు.

ఇరవై రోజుల్లో పని ముగిసింది. బీమా కంపెనీ రెండేళ్ళ నిర్వహణ కూడా మాకే ఇచ్చింది. నేను ఒప్పుకున్నట్టే భాగస్వామ్య పత్రం రాయించి సిద్ధంగా పెట్టాను. ఈలోగా సింగపూర్‌లో అతని మీద కన్నువేసినవాళ్ళు ముగ్గురు నా షాపుకే వచ్చి, “మీ వాడికి పాస్‌పోర్టు వచ్చిందట?” అని అడిగి పోయారు. నవ్వుతూ టీ తాగించి పంపాను. వాళ్ళు వెళ్ళగానే భాగస్వామ్య పత్రం తీసి మళ్ళీ చదువుకున్నాను.

ఇరవై ఏడున మళ్ళీ ఫోను.

“రేపే బయల్దేరుతున్నానన్నయ్యా. కానీ అక్కడికి కాదు.”

నా చేతిలో పెన్ను ఆగింది. “ఎవరు పిలిచారు? ఎంతిస్తామన్నారు?”

“ఎవరూ పిలవలేదు. వచ్చి సింగపూర్‌లో దిగుతాను, ఇంటికెళ్ళకుండా పిన్నిని ఎక్కించుకుంటాను. పెర్త్ మీదుగా ఆ దీవికి. అమ్మమ్మను సమాధి చేసిన చోటు పిన్నికి గుర్తుందట. కార్తీకమాసం దాకా ఉండాలంటోంది.”

“కార్తీకమా! రెండు నెలలు! ఇక్కడ బ్యాంకు వాళ్ళవి ఆరు మెషీన్లు విప్పి ఉన్నాయి వీరభద్రం. పది రోజులు చాలు.”

“అన్నయ్యా.”

“సరే, పదిహేను. అంతకు మించి...”

“అన్నయ్యా, అడగటం లేదు. చెబుతున్నాను.”

పద్నాలుగేళ్ళలో అతను నాతో అలా మాట్లాడలేదు. గొంతులో కోపం లేదు. కిటికీ దగ్గర నిలబడి అవతలి ఒడ్డు చూసే మనిషి గొంతు కాదది. నాకు ఎదురుగా సమానమైన కుర్చీలో కూర్చున్నవాడి గొంతు.

“పత్రం మీద సంతకం?” అన్నాను.

“పెడతాను. వచ్చాక. మూడో వంతు కాదు, సగం. ఆలోచించుకోండి, మీకు రెండు నెలలు టైముంది.” అని నవ్వి పెట్టేశాడు.

రిసీవరు కింద పెట్టి లెక్కల పుస్తకం తెరిచాను. అతను లేకుండా రెండు నెలలు అంటే ఎంత నష్టమో, సగం ఇస్తే నాకేం మిగులుతుందో రెండూ వేసి చూశాను. రెండో లెక్కే బాగుంది. పత్రం తీసి మూడో వంతు అన్నచోట కొట్టేసి సగం అని రాశాను. తర్వాత అతని స్టూలు దగ్గరికి వెళ్ళి, విప్పి ఉన్న డ్రైవుకు చెవి ఆనించాను. ఏమీ అర్థం కాలేదు. పైగదుల వాళ్ళను పిలిచి, బెల్టు ఎంత బిగించాలో మీలో ఎవడికైనా తెలుసా అని అడిగాను.